మందుల కొట్టు జాడీ

పాత సామాన్లంటే పడి చచ్చేవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ముందు వాళ్లకి ఇది చదివి వినిపించండి. తర్వాత కావాలంటే నన్ను తిట్టుకోండి, ఈవిడ మా వీకెండ్ పాడు చేసిందని. ఫర్వాలేదు, పడతాను. నా కూతురికి ఇప్పుడు పది నెలలు. అది కడుపులో ఉన్నప్పుడు నేను పడ్డ భయం ఇంకో ఆడపిల్ల పడకూడదని రాస్తున్నాను. అంతకంటే నిజం చెప్పమంటే, రాస్తే నాకు రాత్రుళ్లు కాస్త నిద్ర పడుతుందేమోనని రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలో, అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పై ఫ్లోర్. నేనూ, మా ఆయన కిరణ్ ఇద్దరం సాఫ్ట్‌వేరే. కిరణ్‌కి తాగుడు లేదు, పేకాట లేదు. ఎస్టేట్ సేల్స్ పిచ్చి ఉంది. ఇక్కడ ఎవరైనా పెద్దవాళ్లు పోతేనో, ఇల్లు ఖాళీ చేస్తేనో సామానంతా బయటపెట్టి అమ్మేస్తారు కదా, అదన్నమాట. శనివారం వచ్చిందంటే మనిషి నిలవడు. నేను కార్‌లో కూర్చుని సమోసా తింటూ ఉంటాను, తను ఎవరి తాతగారి గడియారాన్నో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ ఉంటాడు.

పాప పుట్టడానికి ముందు ఏడాది అక్టోబర్. నది పక్కనున్న ఒక పాత ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం, ఆకులు రంగు మారడం చూద్దామని వంక. కిరణ్ ఒక ఇంట్లోకి వెళ్లి ఎంతకీ రాడే! చివరికి రెండు చేతుల్తో ఏదో పొత్తికడుపుకి ఆనించుకుని, పురిటిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు.

"శైలూ, ఇది చూస్తే నువ్వు నన్ను ఈ జన్మలో తిట్టవు."

జాడీ. తెల్లగా, గుండ్రంగా, బొజ్జ ఉన్న జాడీ. మూత కూడా ఉంది. మెడ చుట్టూ సన్నగా బంగారు గీత. పొట్ట మీద నల్లటి పెద్ద అక్షరాల్లో ఇంగ్లీష్‌లో "టామరిండ్స్" అని రాసి ఉంది.

"చింతపండు జాడీ! అమెరికాలో!" అని నేను కార్‌లోంచి దూకాను. సమోసా కింద పడింది.

అమ్మిన ఆవిడ కూడా వెనకాలే వచ్చింది. నా సంబరం చూసి ఆవిడకీ సరదా వేసినట్టుంది. వాళ్ల పూర్వీకులు ఎవరో పందొమ్మిదో శతాబ్దంలో మందుల కొట్టు నడిపారట. అలాంటి జాడీలు షెల్ఫ్ నిండా ఉండేవట. ఆ రోజుల్లో ఇక్కడ చింతపండు కిరాణా సరుకు కాదు, మందు. జ్వరానికి వేడి తగ్గడానికి నీళ్లలో పిసికి పంచదార వేసి తాగించేవాళ్లట, కడుపు కదలకపోతే కాస్త తినిపించేవాళ్లట. నేను పడీ పడీ నవ్వాను. మేం రోజూ చారులో పోసుకునే దాన్ని వీళ్లు ప్రిస్క్రిప్షన్ లెక్కన కొనుక్కున్నారన్నమాట!

తిరిగొస్తుంటే నేను డ్రైవ్ చేశాను, కిరణ్ ఫోన్‌లో వెతికి చదివాడు ఆ కొట్లలో ఇంకేం అమ్మేవాళ్లో. ఆముదం. కర్పూరం కలిపిన నూనె. గాజు పాత్రలో బతికున్న జలగలు. దగ్గుకి నల్లమందు కలిపిన సిరప్. పళ్లొచ్చే పసిపిల్లలకి పాదరసం పొడి.

"పాదరసమా? పసిపిల్లలకా?"

"అవును. తల్లులు కౌంటర్ దగ్గర నిలబడి కొనుక్కెళ్లేవాళ్లు, పిల్లలు ఏడవకుండా ఉంటారని."

"అయ్యో పాపం, ఎంత అమాయకులో," అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను.

ఇంటికి రాగానే తెనాలికి వీడియో కాల్ చేశాను. మా అమ్మకి అక్కడ బ్లౌజుల కొట్టు ఉంది, నోట్లో సూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. జాడీ చూసి సూదులు తీసింది. "వేలి కణుపుతో కొట్టవే, వినిపించు," అంది. పగులున్న జాడీ డొల్లమోత మోగుతుంది, పచ్చడి బూజు పడుతుంది. గట్టి జాడీ ఖంగుమంటుంది. మా అమ్మమ్మ సంతలో అలాగే కొనేది, మా అమ్మా అలాగే కొంటుంది. నేను ఫోన్ దగ్గర పెట్టి కొట్టాను. ఖంగుమంది.

"గట్టిదే. ఖాళీగా పెట్టకు, పచ్చడి పెట్టు. ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో ఏం ఊరుతుంది నీ మొహం!"

మాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. జాడీ అందులో పాసైంది.

జనవరి, ఫిబ్రవరి

జనవరిలో ఐసెలిన్ వెళ్లినప్పుడు ఓక్ ట్రీ రోడ్‌లో మనవాళ్ల కూరగాయల కొట్టు నిండా పండుమిరపకాయలు, నిగనిగలాడుతూ. ఇంక ఆగుతానా? తొడిమలు తీసి, తుడిచి, ఆరబెట్టి, ఉప్పూ చింతపండూ వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తాను. మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టాను. మూడోరోజు తీసి రుబ్బి, మళ్లీ జాడీలోకే ఎత్తేశాను. మా అమ్మ ఎలా చేస్తుందో అలా, పొల్లుపోకుండా. ఒక చిన్న సీసాలోకి తీసి కింద ఫ్లోర్‌లో ఉండే పద్మ ఆంటీకి కూడా ఇచ్చాను. ఆవిడ ముప్పై ఏళ్లుగా జెర్సీలో ఉంటున్న మనిషి, ఈ కాంప్లెక్స్‌లో తెలుగు పిల్లలందరికీ పెద్దదిక్కు.

ఆ నెలాఖరుకే నెల తప్పిందని తెలిసింది. అంతకుముందు ఒకసారి కడుపు వచ్చి పోయింది నాకు. అందుకని కిరణ్‌కీ అమ్మకీ తప్ప ఎవరికీ చెప్పలేదు, గుప్పిట్లో నీళ్లు పట్టుకుని నడిచినట్టు నడిచాను ఆ రోజులన్నీ.

వేవిళ్లు మొదలయ్యాయి. అన్నం వాసన పడదు, కాఫీ పడదు, కిరణ్ షాంపూ పడదు. పాపం తను తల రుద్దుకోవడం మానేశాడు. లోపలికి దిగేదల్లా ఒక్కటే, వేడన్నంలో పండుమిరప పచ్చడి, పైన కాస్త నెయ్యి. కిరణ్‌కి అసిడిటీ, పచ్చడి ముట్టడు. జాడీ మొత్తం నాదే. మా అమ్మైతే మురిసిపోయింది: "పులుపు తింటున్నావా? తిను తిను. లోపలున్నది అడుగుతోంది."

ఏప్రిల్, మే

వేవిళ్లు తగ్గే టైమ్‌కి ఒంట్లో ఇంకేదో మొదలైంది. నోట్లో ఎప్పుడూ ఇనప రుచి. నాణెం చప్పరిస్తున్నట్టు. పొద్దున్నే బ్రష్ చేసుకున్నా పోదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది, వచ్చి కాసేపు నన్ను వంచేసి పోయేది. మలబద్ధకం. తలనొప్పి. ఆఫీస్ మీటింగ్‌లో ఒకమ్మాయి మీద అనవసరంగా అరిచాను, అరిచి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మెట్లెక్కితే మోకాళ్లు వణికేవి.

"కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనమ్మాయ్," అంది పద్మ ఆంటీ. "చింతపండు చారు తాగు, కడుపు కదులుతుంది."

తాగాను. నోటి చేదుకి పచ్చడి ఇంకాస్త ఎక్కువ వేసుకున్నాను. అది తిన్నంతసేపే నాలుక మీద ఆ ఇనప రుచి తెలిసేది కాదు. అందుకని ఇంకా తిన్నాను. నాకేది విషమో దాన్నే విరుగుడనుకుని నాలుక చప్పరిస్తూ తిన్నాను.

మే నెలలో మామూలు చెకప్‌కి వెళితే రక్తం మరీ తక్కువగా ఉందన్నారు. ఐరన్ మాత్రలతో కూడా పెరగట్లేదే అని డాక్టర్ ఇంకో టెస్ట్ రాసింది. ఆ టెస్ట్ పేరు కూడా నేను చూసుకోలేదు. తర్వాత డాక్టర్ ఆఫీస్ నుంచి ఫోన్, ఇవాళే రండి, మీ ఆయన్ని కూడా తీసుకురండి అని.

మీ ఆయన్ని కూడా అనగానే చేతిలో పని వదిలేసి కిరణ్‌కి ఫోన్ చేశాను.

వెయిటింగ్ రూమ్‌లో చేపల తొట్టె ఒకటుంది. అందులో ఒక పసుపుపచ్చ చేప ఎప్పుడూ ఒక మూలే తిరుగుతుంది. నా ఎదురుగా నిండు నెలల గర్భిణి ఒకామె చిప్స్ తింటోంది, హాయిగా. ఆమెని చూసి నాకు కోపం వచ్చింది. ముక్కూమొహం తెలియని మనిషి మీద కోపం! భయం మనిషిని ఎంత పాడు మనిషిని చేస్తుందో నాకు ఆ కుర్చీలో తెలిసింది.

"మీ రక్తంలో లెడ్ ఉంది," అంది డాక్టర్. లెడ్, అంటే మన సీసం. ఉండకూడనంత ఉందంది. కిరణ్ "అది బేబీకి వెళ్తుందా?" అని అడిగాడు. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టి చెప్పింది: వెళ్తుంది. ఎంత వెళ్లిందో ఇప్పుడు చెప్పలేం. బిడ్డ మెదడు మీద, వినికిడి మీద ప్రభావం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వెంటనే ఇచ్చే మందు లేదు, ఈ స్థితిలో ఇవ్వం కూడా. ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి, అదే మందు.

ఇక ప్రశ్నలు. కాటుక? ఇండియా కుంకుమ? పసుపు? మట్టి కుండల్లో వండుతారా? ఆయుర్వేదం మందులు? కుండల్లో మేమెక్కడ వండుతాం, లేదన్నాను. ఆయుర్వేదం దగ్గర ఆగాను. మా అమ్మ కొరియర్‌లో పంపిన లేహ్యం ఉంది. నీరసానికి మంచిదని రోజూ గోలీ అంత మింగుతున్నాను.

డాక్టర్ తలూపింది. కిరణ్ నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు.

కార్‌లో మొదలైంది. "ఎవరు చేశారో, ఏం కలిపారో తెలియకుండా ఎలా తింటావ్ శైలూ? అత్తయ్య ఎలా పంపారు అసలు?"

"నా బిడ్డకి మా అమ్మ విషం పంపిందంటావా?"

"నేనలా అన్నానా?"

"అన్నావు. అలాగే అన్నావు."

హైవే మీద పక్కకి ఆపి ఇద్దరం ఏడ్చాం. ఇంటికొచ్చి కిరణ్ లేహ్యం సీసాని రెండు కవర్లలో చుట్టి, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి టెస్ట్ కోసం ఇచ్చాడు. కాటుక తీసేశాం, పసుపు తీసేశాం, కుంకుమ తీసేశాం. పసుపు లేని కూర తింటుంటే పథ్యంలా ఉండేది. అది దిగాలంటే నాకు పక్కన పచ్చడి ఉండాల్సిందే.

అమ్మకి చెప్పక తప్పలేదు. సూదులు తీసి పక్కన పెట్టింది. "నేనూ తింటున్నానే అదే లేహ్యం, సగం నీకు పంపి సగం నేనుంచుకున్నాను," అంది. ఫోన్ పెట్టేసింది. మా అమ్మ నాకు ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

జూన్

అన్నీ మానేశాక మళ్లీ రక్తం తీశారు. తగ్గాలి కదా? పెరిగింది.

ఆ రోజు డాక్టర్ కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటే మంచి మాట చెప్పడానికి కాదు. లేహ్యం రిపోర్ట్ కూడా వచ్చింది, అందులో ఏమీ లేదు. అదే వారం మా అమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఎవరూ చెప్పకుండానే గుంటూరు వెళ్లి, తన రక్తం తీయించుకుని, పరీక్ష చేయించుకుంది. కింద ఒక్క ముక్క రాసింది: "నాలో లేదమ్మా."

ఆ ముక్క చదివి నేను కుమిలి కుమిలి ఏడ్చాను. మా అమ్మ మంచిదని రుజువైనందుకు కాదు. రుజువు చేసుకోవాల్సి వచ్చినందుకు. ఇంకో భయం కూడా ఉంది. లేహ్యం కాదంటే మరి ఏది? నీళ్లా? గోడలా? గాలా? కిరణ్ కుళాయి నీళ్లు ఆపేసి బాటిల్స్ తెచ్చాడు. కిటికీ అంచుల పెయింట్ మీద టేపులు అతికించాడు. ఇంట్లో ఏ వస్తువు పట్టుకున్నా ఏ పుట్టలో ఏ పాముందో అన్నట్టుండేది. లోపల పాప తన్నడం అప్పుడే మొదలుపెట్టింది. ప్రతి తన్నుకీ నాకు ఆనందం రావాలి. ఆనందం రాలేదు. "తల్లీ, నేను నీకేం పెడుతున్నానో నాకే తెలియట్లేదు" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని చెప్పేదాన్ని.

రక్తం ఇవ్వడానికి ల్యాబ్‌కి పద్మ ఆంటీ తీసుకెళ్లేది. ఎంత చెప్పినా వినకుండా, తన పాత కార్‌లో, హార్న్ కొట్టకుండా పది నిమిషాలు కూడా నడపలేని డ్రైవింగ్‌తో. వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకునేది. ఏం మాట్లాడేది కాదు. వాగుడుకాయ ఆంటీ మాట్లాడకుండా కూర్చోవడమే నాకు పెద్ద ధైర్యం.

అక్కడే ఒకరోజు, ఎందుకో, ఆ పాత మందుల కొట్ల గురించి మళ్లీ ఫోన్‌లో చదివాను. పాదరసం పొడి కొనుక్కెళ్లిన తల్లుల గురించి. పిల్లాడు నిద్రపోతున్నాడని సంతోషించి, ఆ నిద్ర సిరప్‌లోని నల్లమందుదని తెలియని తల్లుల గురించి. వాళ్లు పొదుపు చేసి మరీ కొనుక్కుని ఉంటారు. కార్క్ తీసి వాసన చూసి ఉంటారు. వాళ్లకీ ఒక పరీక్ష ఉండే ఉంటుంది, ఎవరో అమ్మమ్మ నేర్పింది. అక్టోబర్‌లో నేను అమాయకులన్నది వీళ్లనేగా. ఇప్పుడు ఆ కౌంటర్ ముందు లైన్‌లో వాళ్ల వెనకే నిలబడ్డట్టుంది నాకు. ఇక చదవలేక ఫోన్ బ్యాగ్‌లో పడేశాను.

ఇంటికొచ్చాను. మధ్యాహ్నం. ఎండ వంటగట్టు మీద పడుతోంది. ఆకలి లేదు, కానీ తినాలి కదా, ఇద్దరి కోసం. కుక్కర్‌లో కాస్త అన్నం ఉంది. జాడీ దించాను. పచ్చడి అడుక్కి వచ్చేసింది. స్టీల్ చెంచాతో గీకితే గరగరమని చప్పుడొచ్చింది.

జాడీ అలా చప్పుడు చేయకూడదు. మా ఇంట్లో జాడీల అడుగు ఎన్నిసార్లు గీకలేదు నేను! చెంచా నునుపుగా జారుతుంది. లోపలికి వంగి చూశాను. జాడీని ఎండకేసి వంచాను.

పైన, పచ్చడి తగలని చోట, గాజులా మెరుస్తోంది. ఆ కింద గీత గీసినట్టు మెరుపు ఆగిపోయింది. గీత నుంచి అడుగు దాకా అంతా గరుకు, సుద్దముక్కలా పాలిపోయి ఉంది. వేలు పెట్టి రాస్తే తెలిసింది. పైన జారుతోంది, కింద పట్టుకుంటోంది.

లోపల పూసిన ఆ మెరుపు ఏమైపోయింది?

వంటగట్టు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఐదు నెలలుగా ఆ మెరుపంతా ఉప్పులో, చింతపండు పులుపులో కరిగి, పచ్చడిలోకి దిగి, నా కంచంలోకి, నాలోకి, నాలోంచి బిడ్డలోకి పోయింది. ముద్ద ముద్దకీ నెయ్యి వేసుకుని మరీ తిన్నాను.

జూన్ చివర

కౌంటీ నుంచి వచ్చిన నర్స్ చేతిలో సూపర్‌మార్కెట్‌లో ధరలు చదివే గన్ లాంటిదొకటి ఉంది, వస్తువులో సీసం ఉంటే చూపిస్తుందట. దాన్ని కిరణ్ పట్టుకున్న జాడీకి ఆనించింది. చూసింది. ఇంకోసారి ఆనించి చూసింది. తర్వాత కిరణ్‌తో, "దయచేసి దాన్ని మెల్లగా కింద పెట్టండి," అంది.

ఆ కాలంలో తెల్లటి పింగాణీ మెరవడానికి సీసం కలిపిన పూత పూసేవాళ్లట. అందులో ఉప్పూ పులుపూ కలిపి నెలల తరబడి ఊరబెడితే ఊరుకుంటుందా? మన ఊరగాయ జాడీలు వేరే రకం, గట్టిగా కాల్చినవి, వాటి పూత వేరు. చూడ్డానికి మాత్రం ఇది అచ్చం మన జాడీయే. బొజ్జ అదే, మూత అదే, పేరు కూడా చింతపండే!

నర్స్ వెళ్లాక కిరణ్ కింద పార్కింగ్ లాట్‌లోకి వెళ్లి కార్‌లో కూర్చున్నాడు. స్టార్ట్ చేయలేదు. కిటికీలోంచి చూస్తున్నాను. కోపం లేదని చెప్పను, అబద్ధమవుతుంది. లేహ్యం రోజు నన్ను చూసిన చూపు బాకీ ఇంకా తీరలేదు. దిగి వెళ్లి కార్ డోర్ తీసి అనేశాను: "మా అమ్మ కాదు. నీ జాడీ."

తను తలెత్తలేదు. "తెలుసు," అన్నాడు. "మోసుకొచ్చింది నేనే. రెండు చేతుల్తో."

ఆ రెండు చేతుల్నే స్టీరింగ్ మీద పెట్టుకుని ఎవరివో పరాయి చేతుల్ని చూసినట్టు చూసుకుంటున్నాడు. నా కోపం అక్కడే చచ్చిపోయింది. పక్కసీట్‌లో కూర్చున్నాను. అక్కణ్ణుంచే అమ్మకి స్పీకర్‌లో ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, మిమ్మల్ని అనుమానించాను. తప్పంతా నాది."

"నీదేంటయ్యా," అంది అమ్మ. "కొట్టి వినిపించమన్నది నేనేగా. ఖంగుమంది. గట్టిదే అన్నాను. నేనే అన్నాను."

ఎవరికి వాళ్లు తప్పు నాదంటే నాదని లాక్కుంటుంటే మధ్యలో పాప తన్నింది.

పద్మ ఆంటీకి చిన్న సీసా ఇచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. మెట్ల మీద పడుతూ లేస్తూ వెళ్లి తలుపు కొట్టాను, టెస్ట్ చేయించుకోండి ఆంటీ అని కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ అటూ ఇటూ చూసింది.

"నాకేం కాదులే అమ్మాయ్. నేనసలు తినలేదు. నీ పచ్చడిలో ఉప్పెక్కువ. చెబితే బాధపడతావని చెప్పలా."

నవ్వాను. ఎన్ని వారాల తర్వాతో! నవ్వుతూనే ఆవిడ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాను.

జూలై నుంచి సెప్టెంబర్

ఆపగానే తగ్గిపోతుందనుకున్నాను. తగ్గింది, నత్తనడకన. సీసం ఎముకల్లో దాక్కుంటుందట. బిడ్డకి ఎముకలు కట్టడానికి నా ఎముకల్లోంచి సరుకు వెళ్తుందట, దాంతోపాటు ఇదీ వెళ్తుందట. అది విన్న రోజు నా ఒంటి మీద నాకే అసహ్యం వేసింది. క్యాల్షియం బాగా తీసుకుంటే నా ఎముకల్లోంచి వెళ్లడం తగ్గుతుందన్నారు. ఇక పాలు, పెరుగు, రాగిజావ. కిరణ్ స్టీల్ గ్లాస్‌లో పాలు పోసి, నేను పూర్తిగా తాగేదాకా ఎదురుగా నిలబడేవాడు. ఇంట్లో పింగాణీ కప్పు ఒక్కటి మిగల్లేదు. జాడీని పగలగొడతానని సుత్తి తీశాడొకసారి. దాని దుమ్ము కూడా విషమేనని నర్స్ వద్దంది. ఇంకెవరికైనా చూపించడానికి పనికొస్తుందని తనే తీసుకెళ్లింది.

పాప సెప్టెంబర్‌లో పుట్టింది. పుట్టగానే ఏడ్చింది, గది అదిరిపోయేలా. అందరూ నవ్వారు. నేను మాత్రం నర్స్ చేతిలో బొడ్డుతాడు రక్తం తీసిన గొట్టాన్నే చూస్తున్నాను. లేబుల్ అంటించి తీసుకెళ్లిపోయింది.

ఆ రిపోర్ట్ వచ్చేదాకా నేను దానికి ముద్దు పేరు కూడా పెట్టలేదు. పేరు పెడితే ఎవరో వినేస్తారని భయం. ఎవరు వింటారు? తెలియదు. భయానికి లాజిక్ ఎక్కడుంటుంది!

రిపోర్ట్ వచ్చింది. సీసం ఉంది. మేం భయపడ్డంత లేదు. పాలు ఇవ్వొచ్చన్నారు. "సరే, గమనిస్తూ ఉందాం," అంది పిల్లల డాక్టర్. ఏం కాదు అనలేదు. ఏం కాదు అన్న మాట కోసం నేను ఆవిడ మొహంలోకి అడుక్కునేదానిలా చూశాను. ఆవిడ మంచి మనిషి, అందుకే అబద్ధం చెప్పలేదు.

అప్పణ్ణుంచి

గమనించడం ఎలా ఉంటుందో చెప్తాను. పాప అటు చూస్తూ పడుకుంటే, వెనకాల స్టీల్ చెంచా నేల మీద పడేస్తాను. తల తిప్పిందా? తిప్పింది. మళ్లీ కాసేపటికి ఇంకో వైపు. తిప్పిందా? ఆలస్యంగా తిప్పిందా? నాకే అలా అనిపించిందా? మా ఇంట్లో రోజంతా చెంచాలు పడే చప్పుడే. పుట్టిన కొత్తలో ఒకసారి తిప్పలేదు. నేను చెంచా తీసి పడేసి, తీసి పడేసి, చివరికి దాని చెవి దగ్గరే కొట్టాను. అది ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. కిరణ్ పరిగెత్తుకొచ్చి చెంచా నా చేతిలోంచి తీసుకున్నాడు. పాలు తాగి మత్తులో ఉందది, అంతే.

రక్తం తీసినప్పుడల్లా కొంచెం తగ్గుతూ వచ్చింది. ఈమధ్య తీసినదానికి ఇక దూరం దూరంగా తీస్తే చాలన్నారు. తిరగబడింది, పాకింది, కూర్చుంది. అన్నీ ఆయా టైమ్‌లకే. అయినా నాకు నిద్రలో కూడా చెంచా చప్పుడే. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "దాన్ని బతకనివ్వవే తల్లీ, అదేమన్నా జాడీయా, పొద్దస్తమానం కొట్టి చూడ్డానికి?" అని కసిరింది. ఆ మాట గట్టిగా తగిలింది. ఖంగుమన్న జాడీని నమ్మిన నేను, ఖంగుమని ఏడ్చే పిల్లని నమ్మలేకపోతున్నాను. ఏం చేయను?

మొన్న ఆదివారం పాపని హైచెయిర్‌లో కూర్చోబెట్టి, స్టీల్ గిన్నెలో పెరుగన్నం కలిపి పెడుతున్నాను. పద్మ ఆంటీ వచ్చి సోఫాలో కూర్చుంది. కిరణ్ ఎస్టేట్ సేల్స్ మానేశాడు, ఇప్పుడు శనాదివారాలు పిల్లకి సాక్సులు మడతపెడుతూ ఉంటాడు. నేను ముద్ద కలపడానికి అటు తిరిగానో లేదో, వెనకాల ఠంగుమని చప్పుడు.

తిరిగి చూశాను. పాప చేతిలో చెంచా లేదు, నేల మీద ఉంది. పాప చెంచా వైపు చూడట్లేదు. మెడ ముందుకి చాచి, కళ్లు పెద్దవి చేసుకుని నా మొహంలోకే చూస్తోంది. కడిగి ఇచ్చాను. మళ్లీ అటు తిరిగాను. ఠంగ్. తిరిగి చూశాను. ఈసారి బోసినోరంతా తెరిచి నవ్వింది.

"ఏం చేస్తోందే అది?" అంది ఆంటీ.

"నాకు వినబడుతోందో లేదో చూస్తోందాంటీ," అన్నాను.

చెంచా కడిగి మళ్లీ దాని చేతికిచ్చి, కావాలనే అటు తిరిగి నిలబడ్డాను.